గడప నుంచి స్నానాల గది దాకా: పెద్దమ్మ ఇంటి మార్పుల ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

పక్షవాతానికి చికిత్స పూర్తయి ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మా పెద్దమ్మకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ఇంట్లో తిరగాలంటే చక్రాల కుర్చీయే దిక్కు. దేన్నైనా గట్టిగా పట్టుకుంటే కుడికాలి మీద బరువు మోపి కొద్దిసేపు నిలబడగలదు. ఆమె, పెదనాన్న ఇద్దరే ఉండే అద్దె ఇల్లు కింది అంతస్తులోనే ఉన్నా, వాకిట్లో మూడు మెట్లు, స్నానాల గదికి ఎత్తు గడప, ఇరుకు తలుపులు ఉన్నాయి. ఆ ఇంటిని ఆమెకు అనువుగా మార్చడం, దానికయ్యే ఖర్చులో వీలైనంత భాగాన్ని వికలాంగుల గృహ సహాయ పథకం నుంచి పొందడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. కట్టుబడి పని వేరు, కాగితాల పని వేరు అని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం రెండింటినీ ఒకే నోటుపుస్తకంలో రాస్తున్నాను, ఎందుకంటే టేపు పట్టి తీసుకునే ప్రతి కొలతా రేపు దరఖాస్తులో ఒక వాక్యానికి ఆధారం కావాలి.

టేపు తీయడానికి ముందు పెద్దమ్మ దగ్గర కూర్చుని, పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఆమె ఏ పని ఎలా చేస్తున్నదో, ఎక్కడ ఆగిపోతున్నదో వరసగా రాసుకున్నాను. ఇలాంటి సందర్భాల్లో ఇంట్లో మిగతావాళ్ళు చొరవగా జవాబులు చెప్పేస్తూ ఉంటారు. పెదనాన్న కూడా వంటగది గట్టు ఎత్తు తగ్గించాలని మొదలుపెట్టారు. పెద్దమ్మ ఆయన్ను ఆపి, "వంటగది సంగతి తరవాత చూద్దాం, ముందు స్నానానికి వెళ్ళి నేను తలుపు వేసుకోగలగాలి," అంది. ప్రాజెక్టులో పనుల క్రమం ఆ మాటతోనే ఖాయమైంది: స్నానాల గది, తరవాత వీధి గుమ్మం, ఆ తరవాతే మిగిలినవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ వైకల్యాన్ని శరీరంలోని లోపంగా మాత్రమే చూడదు. శరీర స్థితి, మనిషి చేయవలసిన పనులు, చుట్టూ ఉన్న పరిసరాలు కలిసినప్పుడు ఏర్పడే ఇబ్బందిగా చూస్తుంది. సాయం కోరేవాళ్ళకు ఇది చాలా పనికొచ్చే చూపు. "ఎడమ పక్క పక్షవాతం" అని రాస్తే అది వైద్యుడి పత్రంలో ఎటూ ఉంటుంది. "కమోడ్ మీద నుంచి లేవడానికి ఆమె కుడిచేతికి అందే ఆధారం ఆ గదిలో ఏదీ లేదు" అని రాస్తే, మార్చవలసింది ఏమిటో చదివే అధికారికి వెంటనే తెలుస్తుంది.

జూన్ మూడో వారం

కొలతలు పూర్తయ్యాయి. దరఖాస్తుకు మిల్లీమీటర్లు కావాలి, మేస్త్రీకి అంగుళాలు కావాలి, కనుక నోటుపుస్తకంలో రెండూ పక్కపక్కనే రాస్తున్నాను.

చక్రాల కుర్చీ మొత్తం వెడల్పు 620 మి.మీ. స్నానాల గది తలుపు పూర్తిగా తెరిచినప్పుడు దొరికే ఖాళీ 640 మి.మీ. మాత్రమే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: ద్వారబంధం వెడల్పును కొలిచి తలుపు వెడల్పుగా రాయకూడదు. రెక్కను తొంభై డిగ్రీలు తెరిచి, రెక్క ముఖం నుంచి ఎదుటి బంధం అంచు వరకు కొలవాలి, ఎందుకంటే రెక్క మందం, మడతబందుల తీరు కలిసి ఆ ఖాళీలో కొంత తినేస్తాయి. 640లో 620 దూరుతుందని లెక్క చెబుతుంది గాని, చక్రం తిప్పే చేతి వేళ్ళకు చోటు ఉండదు. అమెరికా ప్రమాణాలు కనీసం 815 మి.మీ. ఖాళీ ఉండాలంటాయి. మేము 850 అడగాలని నిర్ణయించుకున్నాం.

స్నానాల గది 1600 వెడల్పు, 2300 పొడవు. గడప 60 మి.మీ. ఎత్తు. స్నానం చేసే చోటు చుట్టూ ఇంకో గట్టు కట్టి ఉండడం వల్ల కుర్చీ మళ్ళడానికి చోటు లేదు. కుర్చీ పూర్తిగా తిరగాలంటే 1500 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తం కావాలి. గట్టు తీసేసి నేలంతా ఒకే మట్టానికి తెస్తే, కమోడ్ ముందుకు పొడుచుకు వచ్చే 700 మి.మీ. పోగా 1600 మిగులుతుంది. అంటే ఒక్క గోడా జరపకుండానే చోటు దొరుకుతుంది.

వాకిట్లో మూడు మెట్లు, ఒక్కొక్కటి 150 మి.మీ., మొత్తం ఎత్తు 450. ర్యాంపుకు సాధారణంగా చెప్పే వాలు 1:12, అంటే ప్రతి మిల్లీమీటరు ఎత్తుకూ పన్నెండు మిల్లీమీటర్ల పొడవు. ఆ లెక్కన 5400 మి.మీ. కావాలి, గోడ వెంబడి నేరుగా ఉన్నది 4800 మాత్రమే. అందుకే మధ్యలో మలుపు పెట్టి గీశాను: మొదట 3000 పొడవులో 250 ఎత్తు ఎక్కి, 1500 చదరపు సమతలం మీద మళ్ళి, తరవాత 2400 పొడవులో మిగిలిన 200 ఎక్కుతుంది. పైన తలుపు ముందు కూడా 1500 సమతలం ఉంటుంది, ఎందుకంటే వాలు మీద కుర్చీని ఒక చేత్తో నిలిపి మరో చేత్తో తలుపు తాళం తీయడం ఎవరికైనా ప్రమాదమే.

జులై రెండో వారం

రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడంలో తోడ్పడే నిపుణురాలు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఇంటికి వచ్చి పెద్దమ్మను పరీక్షించారు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను ఎక్కువగా నేర్చుకున్నది ఆ పూటనే.

రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో కొలిచే, 1965 నుంచి వాడుకలో ఉన్న బార్తెల్ సూచీ ప్రకారం ఆవిడ పది అంశాలకూ మార్కులు వేశారు. మంచానికీ కుర్చీకీ మధ్య మారడానికి 15లో 10, మరుగుదొడ్డి వాడకానికి 10లో 5, స్నానానికి 5లో 0 వచ్చాయి. ఇలాంటి అంకెలు దరఖాస్తుకు బలం. అయితే అంకెలకన్నా ఆవిడ పెద్దమ్మ కదలికను చూసిన తీరు ముఖ్యమైనది.

ఒక పక్క బలం తగ్గినవాళ్ళు ఒక ఆసనం నుంచి ఇంకో ఆసనానికి మారేటప్పుడు బలమున్న పక్కకు జరగడం క్షేమం. పెద్దమ్మ కుర్చీలోంచి కమోడ్ మీదికి కుడివైపుకు జరగాలి, అంటే కుర్చీ ఆమె కూర్చునే దిశలో కమోడ్‌కు ఎడమ పక్కన ఆగాలి. మా గదిలో కమోడ్‌కు ఎడమ పక్కన ఉన్నది గోడ. పైగా ఆ గోడకు పట్టుకునే కడ్డీ బిగించినా అది పనిచేయని చేతి వైపు ఉంటుంది. అంతకుముందు వచ్చి చూసిన మేస్త్రీలందరూ ఆ గోడకే రెండు కడ్డీలు బిగిస్తే చాలన్నారు, వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, గోడ దగ్గరగా కనిపిస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. థెరపిస్టు మాత్రం పెద్దమ్మను ఒక మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఎడమ పక్కన గోడ ఉండేలా, తరవాత కుడి పక్కన ఉండేలా జరిపి లేవమన్నారు. మొదటిసారి ఆమె చెయ్యి గాలిలోకి వెళ్ళింది. రెండోసారి గోడమీద అరచెయ్యి ఆన్చి తనే లేచింది.

కనుక కమోడ్‌ను గదిలో అవతలి మూలకు జరపాలి. కుడి గోడ నుంచి దాని మధ్యరేఖ 450 మి.మీ. దూరంలో ఉంటే చేతికి కడ్డీ అందుతుంది, ఎడమ పక్కన కుర్చీకి 970 మి.మీ. ఖాళీ దొరుకుతుంది. తిరిగి కుర్చీలోకి వచ్చేటప్పుడు కూడా కుడివైపుకే జరగాలి గాని అటు గోడ ఉంటుంది, అందుకని కుడిచేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి, పెదనాన్న కుర్చీని ఏటవాలుగా వెనక్కి చేర్చాక కూర్చోవడం సాధన చేయించారు. ఇంకొక సంగతి కూడా ఆవిడే గమనించారు. పెద్దమ్మ దృష్టి ఎడమ వైపును కొంత పట్టించుకోవడం లేదు, కుర్చీ ఎడమ చక్రం తరచు బంధానికి తగలడానికి కారణం తలుపు ఇరుకు ఒక్కటే కాదు. తలుపు ఎడమ బంధానికి ముదురు రంగు పట్టీ వేయమని చెప్పారు.

జులై నెలాఖరు

దరఖాస్తు ఇచ్చేశాం. ఇందులో తెలుసుకోవలసిన మొదటి నియమం, మంజూరు పత్రం చేతికి రాకముందు పని మొదలుపెట్టకూడదన్నది. ఇలాంటి పథకాల్లో చాలావరకు జరిగిపోయిన పనికి డబ్బు ఇవ్వరు. ఇంట్లో మనిషి ఇబ్బంది పడుతుంటే ఆగడం కష్టమే, కానీ ఒక్క టైలు పగలగొట్టినా మొత్తం సాయం పోవచ్చు.

మాది అద్దె ఇల్లు కనుక యజమాని రాతపూర్వక అనుమతి తీసుకున్నాం. అందులో మూడు విషయాలు స్పష్టంగా ఉండేలా చూశాను: ఏయే మార్పులకు ఒప్పుకున్నారో, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వేటిని యథాస్థితికి తేవాలో, సాయం అందాక కొన్నేళ్ళపాటు ఈ కుటుంబాన్ని అక్కడే ఉండనిస్తారో లేదో. మూడోదాన్ని పథకం వాళ్ళు తప్పక అడుగుతారు. ర్యాంపును సిమెంటుతో కట్టకుండా, బోల్టులతో బిగించే ఇనుప చట్రంతో చేయించాలనుకోవడం కూడా ఈ చర్చలోంచి వచ్చినదే. అవసరమైతే విప్పి ఇంకో ఇంటికి పట్టుకుపోవచ్చన్నాక యజమాని వెంటనే సంతకం పెట్టారు.

కొటేషన్లు ఇద్దరి దగ్గర తీసుకున్నాం. ఇద్దరికీ ఒకే పనుల పట్టిక ఇచ్చి, అదే వరసలో విడివిడిగా ధర రాయమన్నాను. మొత్తం ఒక్క అంకెలో వేసిన కొటేషన్‌ను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా కార్యాలయం ఏదైనా ఒక అంశాన్ని తీసేస్తే మిగతావి ఎంతవుతాయో తెలియక మొత్తం పత్రం తిరిగొస్తుంది.

ప్రతి పనికీ ఎదురుగా ఒక వరస కట్టాను: ఇప్పుడు ఏమవుతున్నది, ఎందుకవుతున్నది, ఈ మార్పుతో ఏమి మారుతుంది. కమోడ్ జరపడం గురించి ఇలా రాశాను: "దరఖాస్తుదారు కుడిచేత్తో మాత్రమే ఆధారం పట్టుకోగలరు. ప్రస్తుత కమోడ్‌కు కుడివైపు గోడ లేదు, కనుక లేవడానికి ప్రతిసారీ డెబ్బై ఏళ్ళు దాటిన భర్త ఆమె బరువు ఎత్తవలసి వస్తున్నది. కమోడ్‌ను కుడి గోడ పక్కకు జరిపితే ఆమె గోడకున్న కడ్డీ సాయంతో తనే లేవగలరు." దీని కింద థెరపిస్టు నివేదికలోని పేరా సంఖ్య ఇచ్చాను. చదివేవాళ్ళు వెతుక్కోవలసిన అవసరం ఉండకూడదు.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 2008 మే 3 నుంచి అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 19వ అధికరణం నలుగురితో పాటు సమాజంలో, తమకు నచ్చిన చోట జీవించే హక్కును గుర్తిస్తుంది. పేదరికంలో ఉన్నవారికి వైకల్యం వల్ల అయ్యే ఖర్చుల్లో ప్రభుత్వ సాయం అందాలని 28వ అధికరణం చెబుతుంది. వీటిని దరఖాస్తులో ఉటంకించలేదు, ఫారంలో దానికి చోటూ లేదు. అయినా అడుగుతున్నది దయ కాదన్న స్పృహ రాసేవాళ్ళ మనసులో ఉంటే వాక్యాలు నిటారుగా వస్తాయని నా నమ్మకం.

ఆగస్టు

ఎదురుచూపు. మంజూరుతో సంబంధం లేని పనులు మాత్రం చేశాం. నేలమీది చాపలు, పట్టాలు తీసేశాం. మంచం ఎత్తును కుర్చీ ఆసనం ఎత్తుకు సమం చేశాం. రాత్రి మంచం దగ్గర నుంచి స్నానాల గది దాకా నేలకు దగ్గరగా దీపాలు పెట్టాం. వైద్య పరికరాలు అరువిచ్చే ఒక సేవాసంస్థ నుంచి చక్రాల కమోడ్ కుర్చీ తెచ్చుకున్నాం.

సెప్టెంబరు

కార్యాలయం నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. ప్రశ్నలు రావడాన్ని తిరస్కారంగా భావించి నిరాశపడేవాళ్ళను చూశాను. ఫైలు చదివినవాళ్ళే ప్రశ్న అడుగుతారు, జవాబు సూటిగా ఉంటే ఫైలు కదులుతుంది.

మొదటిది: స్థిరమైన ర్యాంపు ఎందుకు, మడిచి పెట్టుకునే పొట్టి ర్యాంపు చాలదా? జవాబులో లెక్క రాశాను. పెద్దమ్మ, కుర్చీ కలిసి సుమారు 80 కిలోలు. 1:12 వాలు మీద నెట్టేవారు నిరంతరం దాదాపు 7 కిలోల బరువును పైకి లాగుతున్నంత బలం ప్రయోగించాలి. 1:8 వాలు మీద అది 10 కిలోలవుతుంది, దిగేటప్పుడు అంతే బలంతో ఆపాలి. 450 ఎత్తుకు రెండు మీటర్ల మడత ర్యాంపు వేస్తే వాలు 1:5 కంటే నిటారుగా ఉంటుంది, అంటే 18 కిలోల దాకా. పెదనాన్న వయసు, మోకాళ్ళ నొప్పుల గురించి వైద్యుడిచ్చిన పత్రం జతచేశాను.

రెండోది: ఉష్ణోగ్రతను నియంత్రించే కొళాయి సౌకర్యం కిందికి వస్తుంది కదా? పెద్దమ్మ ఎడమ పక్క చర్మానికి వేడి సరిగా తెలియడం లేదని థెరపిస్టు నివేదికలో ఉంది. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే తీవ్రంగా కాలుస్తుంది, నొప్పి తెలియని మనిషి ఆ సెకన్లలో కాలు వెనక్కి తీసుకోదు. నీరు 43 డిగ్రీలు మించకుండా ఆపే కొళాయి ఆమెకు రక్షణ పరికరమని రాశాను.

సెప్టెంబరు చివర్లో మంజూరు వచ్చింది. రెండు అంశాలూ అందులో ఉన్నాయి. ఆదాయ పరీక్ష ప్రకారం కుటుంబం పెట్టుకోవలసిన వాటాలో కొంత ఒక ధర్మనిధి ఇచ్చింది, మిగిలినది పెదనాన్న పొదుపులోంచి వెళుతుంది. డబ్బు మూడు విడతలుగా, పని పూర్తయిన మేరకు వస్తుంది. కనుక మేస్త్రీతో ఒప్పందాన్ని కూడా అవే మూడు విడతలుగా రాసుకున్నాం.

అక్టోబరు

స్నానాల గది పని మొదలైంది, ఈ నెలంతా ఇల్లు దుమ్ము మయం. పెద్దమ్మ, పెదనాన్న మా ఇంట్లో ఉన్నారు.

కమోడ్‌ను 750 మి.మీ. జరపాలంటే మురుగు గొట్టానికి 1:40 వాలు చొప్పున 19 మి.మీ. దిగుడు కావాలి. కింద నేల కనుక తవ్వడం సులువైంది, పై అంతస్తులో ఉంటే ఇదే పనికి నేల ఎత్తవలసి వచ్చేది. తలుపును గోడ బయట పక్కకు జరిగేదిగా మార్చి, ద్వారం 850 చేశారు. నేల స్నానం చేసే మూలకు 1:50 వాలుతో దిగుతుంది. రసమట్టం పెట్టి చూశాక కూడా, ఒక చెంబు నీళ్ళు తలుపు దగ్గర పోసి అవి ఎటు పోతున్నాయో చూడమని మేస్త్రీని కోరాను. ఒక చోట నీళ్ళు నిలిచాయి. టైలు అతకకముందే కనిపించింది కాబట్టి సులువుగా సరిచేశారు. టైళ్ళు తడిలో జారకుండా ఇచ్చే పట్టును కొలిచే లోలక పరీక్షలో 36కు తగ్గని రకం తీసుకున్నాం.

కుడి గోడ టైళ్ళు ఊడదీస్తే లోపల బోలు ఇటుక ఉంది. మామూలు ప్లగ్గులు వేసి కడ్డీ బిగిస్తే మొదటి రోజు గట్టిగానే ఉంటుంది, ఆమె బరువంతా దానిమీద పడిన రోజున ఊడి వస్తుంది. కడ్డీ ఏ దిశలో లాగినా సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. కడ్డీలు వచ్చే చోట బోలు ఇటుక తీసి గట్టి ఇటుక కట్టి, రసాయన యాంకర్లతో (జిగురుతో గోడలో అతుక్కునే బోల్టులతో) బిగించాలని నిర్ణయించాం. ఇది మంజూరైన పట్టికలో లేని పని కనుక, మేస్త్రీ తొందరపెడుతున్నా పని ఆపించి, గోడ ఫొటోలతో కార్యాలయానికి ఉత్తరం రాశాం. ఆమోదం వచ్చాకే ఇటుక పడింది. అదనపు పనిని ముందు చేసి తరవాత అడిగితే ఆ ఖర్చు కుటుంబం మీదే పడుతుంది.

కడ్డీలు బిగించిన మర్నాడు వాటిని పట్టుకుని నేనూ మేస్త్రీ ఇద్దరం కలిసి వేలాడాం. కదల్లేదు.

నవంబరు

ర్యాంపు చట్రం రెండు రోజుల్లో బిగించారు. రెండు వైపులా 900 మి.మీ. ఎత్తులో 40 మి.మీ. లావున్న పట్టుగొట్టాలు, చక్రం పక్కకు జారకుండా 100 మి.మీ. అంచు ఉన్నాయి. పట్టుగొట్టాల చివరలు వాలు ముగిశాక ఇంకో 300 ముందుకు సాగాలి. కొటేషన్‌లో రాసి ఉన్నా కింది వైపు చివరను అక్కడికే కోసేశారు, మళ్ళీ అతికించమన్నాను.

తనిఖీకి వచ్చిన అధికారి పట్టికలోని ప్రతి అంశాన్నీ టేపుతో చూసుకున్నారు. ఆయన కోసం మేము ప్రతి పనికి ముందు, మధ్య, తరవాత తీసిన ఫొటోలను పట్టిక వరసలోనే అమర్చి ఇచ్చాం. టైళ్ళ వెనక కనబడని గట్టి ఇటుకకు ఆ మధ్య ఫొటోయే సాక్ష్యం. బిల్లులన్నీ దరఖాస్తుదారు పేరనే ఉండాలన్నది మొదట్లోనే మేస్త్రీకి చెప్పి ఉంచడం వల్ల అక్కడ ఇబ్బంది రాలేదు.

పెద్దమ్మ ఇప్పుడు స్నానపు కుర్చీలోకి మారేదాకా పెదనాన్న తోడుంటారు, తరవాత ఆయన బయటికి వస్తారు, ఆమె తలుపు జరిపేసుకుంటుంది. పిలవడానికి నేలదాకా వేలాడే తాడు గంట ఉంది, పడిపోయినా అది చేతికి అందుతుంది. థెరపిస్టు మళ్ళీ వచ్చి వేసిన మార్కుల్లో స్నానానికి ఇంకా 0 ఉంది, ఎందుకంటే కుర్చీలోకి మారడానికి సాయం కావాలి. రోజుకు ఒకసారి కడ్డీ పట్టుకుని లేచి మళ్ళే సాధన రాసిచ్చారు. ఎడమ బంధం మీది ముదురు పట్టీ వేశాక చక్రం తగలడం తగ్గింది.

డిసెంబరు

మూడో విడత డబ్బు రావలసి ఉంది, పూర్తయిన పని ధ్రువపత్రం కార్యాలయంలో చేరింది. వంటగదికి కొత్త దరఖాస్తు వేయాలి, ఒకే ఇంటికి రెండో సాయం ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడిగాం. కడ్డీల బోల్టులు, ర్యాంపు బోల్టులు ఆరు నెలలకొకసారి బిగించి చూడాలి. కొళాయి ఉష్ణోగ్రతను ఏడాదికొకసారి థర్మామీటరుతో సరిచూడాలి. రెండు పనులనూ తేదీలతో తలుపు వెనక అంటించాం, తొలి తనిఖీ మే నెలలో. వంటగది కొలతలకు థెరపిస్టు జనవరి రెండో వారంలో వస్తానన్నారు. అప్పటికల్లా అక్కడ తాను ఏ పని ఎలా చేస్తున్నదో పెద్దమ్మ చెబుతుంటే రాసి ఉంచమని పెదనాన్నకు నోటుపుస్తకం ఇచ్చాను.